కవరు లోపలి అంకెలు

అన్నయ్య తన పరువు తానే తీసుకెళ్ళి వీధిలో పెట్టడం మొదలుపెట్టి ఆ రోజుకి పదకొండు రోజులైంది. పొద్దున్నే ఉతికిన చొక్కా తొడుక్కుని, జేబులో మడిచిన కాగితం ఒకటి పెట్టుకుని బయల్దేరతాడు. ఆ కాగితం మీద ముప్ఫై ఒక్క బళ్ళ నంబర్లున్నాయి. గడిచిన ఏడాదిలో తను స్వయంగా తెరిచి మూసిన ఇంజన్లవి. ఒక్కో యజమాని గుమ్మం ముందు నిలబడి, "మీ బండి ఒకసారి షెడ్డుకి తీసుకురండి. నేను బిగించింది. నా చెయ్యి ఇప్పుడు నమ్మేట్టు లేదు. మా చెల్లెలు తెరిచి చూస్తుంది" అని చెప్పి వస్తాడు. నలభై ఏళ్ళుగా మెకానిక్కుగా బతికిన మనిషి నోట రావలసిన మాటేనా అది? రొట్టెల వ్యాను నడిపే ఆవిడ వేళాకోళమనుకుని ముందు నవ్వేసిందట. ఈయన నవ్వకపోయేసరికి ఆవిడ నవ్వు కూడా మధ్యలోనే ఆగిపోయి, గబగబా తాళం తెచ్చి చేతిలో పెట్టిందట.

ఆ బళ్ళన్నీ తెరిచి చూడాల్సింది చెల్లెలు. ఇంట్లో ఆమెను పిట్ట అంటారు. చిన్నప్పుడు ఇనపసామాన్ల మధ్య ఒకచోట కాలు నిలవకుండా గెంతుతూ ఉండేదని నాన్న పెట్టిన పేరు. ఇప్పుడు నలభై ఆరేళ్ళు, కాస్త ఒళ్ళు చేసింది, మోకాళ్ళ మీద కూర్చుంటే లేవడానికి బండి బంపరు పట్టుకోవాలి. అయినా పేరు మాత్రం పిట్టే. పెళ్ళి చేసుకోవాలని ఆమె అనుకోలేదు, ఎవరూ గట్టిగా అడగనూ లేదు. పానాలతో బోల్టులు తిప్పుతూనే కాలం గడిచిపోయింది.

అన్నయ్య చేతిలో ఏ లోపమూ లేదు. ఆ సంగతి ఈ భూమి మీద తెలిసింది పిట్ట ఒక్కదానికే. తెలిసీ నోరు మూసుకుని కూర్చుంది. సిగ్గులేని పనే, కాదనను. కాకపోతే ఏం జరిగిందో వినకుండా ఆమెను తిట్టిపోస్తే అదీ న్యాయం కాదు.

ఆ షెడ్డులో ఎక్కువగా బాగుచేసేది ఒకే పాత డీజిల్ ఇంజను. వ్యాన్లకీ, చిన్న లారీలకీ, లాంచీలకీ అన్నిటికీ అదే. దాన్ని కంపెనీవాళ్ళు చాలా ఏళ్ళు చేశారు, నడుమ ఒకసారి లోపలి సరుకు మార్చారు. అందుకని షెడ్డులో మొదటి రకం, రెండో రకం అంటారు. ఇంజను నెత్తిన, వాల్వులు లేచి పడే చోట ఒక పొడుగాటి మూత ఉంటుంది. దాన్ని ట్యాపెట్ కవరు అంటారు. మొదటి రకానికి దళసరి అల్యూమినియం కవరు, రెండో రకానికి నల్లరంగు వేసిన పల్చటి రేకు కవరు. పైనుంచి చూసేవాడికి ఏ రకమో చెప్పేది ఆ కవరొక్కటే. అసలు నంబరు పక్కన కింద ఎక్కడో ఉంటుంది, లాంచీలోనైతే అది చెక్కల వైపుకి తిరిగి ఉంటుంది కాబట్టి కనబడదు. కానీ కవర్ల బోల్టులు మాత్రం రెండింటికీ ఒకే కొలత. దీని మూత దానికి, దాని మూత దీనికి చక్కగా కూర్చుంటుంది. తంటా అంతా అక్కడే ఉంది.

వాల్వుకీ, దాన్ని తొక్కే మీటకీ మధ్య సన్నటి సందు వదలాలి. వేడెక్కితే ఇనుము సాగుతుంది కదా, ఆ సాగుబాటుకి చోటన్నమాట. సందు తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోదు, పొగ వేడికి అంచు కాలిపోతుంది. ఆ సందుని కొలవడానికి నంబర్లు వేసిన పల్చటి ఉక్కు రేకుల గుత్తి ఉంటుంది. మొదటి రకానికి పీల్చే వాల్వు దగ్గర పదో నంబరు రేకు, పొగ వదిలే వాల్వు దగ్గర పన్నెండో నంబరు రేకు దూరాలి. రెండో రకానికి పన్నెండు, ఇరవై.

నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. ఇంజను తెరిచినవాళ్ళు మూసేముందు కవరు లోపలివైపు ఉక్కుసూదితో సందుల అంకెలు, తేదీ, తమ గుర్తు గీయాలి. నాన్న గుర్తు సున్నా, అన్నయ్యది నిలువుగీత, పిట్టది చిన్న కొక్కెం. "కాగితం పోద్ది, మనిషి మర్చిపోతాడు. రేపు తెరిచేవాడికి నువ్వు చెప్పే మాట ఇది. అబద్ధం చెప్పకూడదు" అనేవాడు నాన్న. కవరు గనక వేరే ఇంజనుకి మార్చాల్సొస్తే, ముందు చెయ్యాల్సిన పని పాత అంకెల్ని ఆకురాయితో గీకి పారెయ్యడం. ఆ తర్వాతే బోల్టులు.

ఐదు నెలల కిందట లాంచీ ఇంజను రేకు కవరు తుప్పుపట్టి అంచున చిరిగింది. ఏటికి అటూ ఇటూ మనుషుల్ని చేరవేసే లాంచీ అది. దాన్ని నడిపే సరంగు ఆ కుటుంబానికి పాతికేళ్ళ స్నేహితుడు. లాంచీ పని ముందు నాన్న చూసేవాడు, ఆయన పోయాక మూడేళ్ళుగా అది పిట్టదే, ఘాట్ ఆఫీసు పుస్తకంలో ఆమె పేరే ఉంది. కొత్త రేకు కవరు దొరకలేదు. షెడ్డు మూల తుక్కులో మొదటి రకం ఇంజను ఒకటి పడి ఉంది. నాన్న చివరిసారిగా మూసిన ఇంజను అది. పిట్ట దాని అల్యూమినియం కవరు విప్పి, కిరసనాయిల్తో కడిగి, వెలుగులోకి తిప్పి చూసింది. లోపల వంకర వంకరగా నాన్న చేతిరాత కనబడింది. 10, 12, తేదీ, కింద సున్నా. ఆ ఏడు ఆయన చేతులు అప్పటికే వణికేవి, సున్నా ఒక పక్క నొక్కుకుపోయి ఉంది.

ఆకురాయి పక్కనే ఉంది. తీసింది, పెట్టేసింది. ఆ రాత మీద ఉక్కు ఎలా ఆనిస్తుంది? లాంచీ పని ఎలాగూ నేనే చూసుకుంటాను, వేరేవాళ్ళు తెరిచేది లేదు కదా అనుకుంది. నాన్న చెయ్యి ఏట్లో తిరుగుతూ ఉంటుందిలే అని కూడా అనుకుంది, ఆ తలపుకి కళ్ళు చెమర్చాయి. కవరు పట్టుకెళ్ళాక ఆ రాత కిందే తన అంకెలు గీద్దామంటే ఉక్కుసూది షెడ్డులో ఉండిపోయింది, తనేమో ఘాట్లో ఉంది. వచ్చేవారం గీస్తానులే అనుకుని బోల్టులు బిగించేసింది. ఆ వచ్చేవారం రానే లేదు.

తర్వాతి నెల ఆమె జ్వరంతో మంచమెక్కినప్పుడు సరంగు షెడ్డుకొచ్చి, ఇంజను టిక్కుటిక్కుమంటోందని చెప్పాడు. అన్నయ్య వెళ్ళాడు. సర్దాడు. వచ్చాడు. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆపైన నాలుగు నెలలకి, ఇరవై రెండు మందితో లాంచీ ఏటి నడుమ ఉండగా ఇంజను దగ్గి దగ్గి చచ్చిపోయింది. నీటి వడి దాన్ని వంతెన స్తంభం మీదికి తోసింది. సరంగు గెడకర్ర అడ్డం పెట్టాడు, అది పుటుక్కుమంది. ఆ తర్వాత పెట్టింది తన చెయ్యే. జనానికి బట్టలు తడవడం తప్ప ఏమీ కాలేదు. సరంగు కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది.

లాంచీని ఒడ్డుకి లాగాక ఇంజను తెరిచింది పిట్టే. కవరు చేతిలోకి తీసుకుని తిప్పింది. నాన్న అంకెల కింద కొత్తగా మెరుస్తూ ఇంకో వరస కనబడింది. 10, 12, నాలుగు నెలల కిందటి తేదీ, నిలువుగీత. రెండో రకం ఇంజనుని, దళసరి కవరు చూసి అన్నయ్య మొదటి రకమే అనుకున్నాడు. నాన్న అంకెలు చూసి ఇంకేమీ అనుకోలేదు. నాన్న రాతని అనుమానించేవాడా ఆయన?

గట్టు మీద జనం మధ్యనుంచి అన్నయ్య అడిగాడు. "సందు ఎంతుంది పిట్టా?"

"రేకు దూరడం లేదన్నయ్యా."

అది నిజమే. కాలిన వాల్వు తన గూట్లోకి దిగబడిపోతుంది, అప్పుడు ఎంత వదిలిన సందైనా మూసుకుపోతుంది. ఆ సంగతి అన్నయ్యకీ తెలుసు. కానీ తప్పు తనదేనని ముందే ఖాయం చేసుకున్న మనిషికి తెలిసినవన్నీ ఆ సమయానికి గుర్తురావు. పిట్ట మిగతా మాట చెప్పడానికి నోరు తెరిచింది. ఆడమనిషి చేతికి లాంచీ ఏమిటని మూడేళ్ళ కిందట గొణిగినవాళ్ళందరూ సరిగ్గా ఎదురుగానే నిలబడి ఉన్నారు. సరంగుని బల్ల మీద పడుకోబెట్టి మోసుకెళ్తున్నారు. ఆ క్షణంలో అన్నయ్య అందరి వైపూ తిరిగి, "ఇది నేను బిగించింది. నా చేతి తప్పు" అన్నాడు.

పిట్ట నోరు మూసుకుంది. రెండు నిమిషాలాగి చెప్తాననుకుంది. సాయంత్రం చెప్తాననుకుంది. ఆ తర్వాత ఎలా చెప్పాలో తెలియలేదు. కవరుని గోనెసంచిలో చుట్టి షెడ్డులో తన బల్ల కింద దాచి, లాంచీకి కొత్త వాల్వులూ, ఎక్కడో వెతికి తెచ్చిన రేకు కవరూ వేసింది. పన్నెండు, ఇరవై అని లోపల శ్రద్ధగా గీసి తన కొక్కెం పెట్టింది. ఆ శ్రద్ధని చూసుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇక అన్నయ్య కాగితంలో ఉన్న బళ్ళు ఒక్కొక్కటే రావడం మొదలైంది. పిట్ట తెరుస్తుంది. రేకు పెడుతుంది. వెన్నలో కత్తి దిగినట్టు కాక, గట్టి పుస్తకంలోంచి కాగితం లాగినట్టు, సరిగ్గా ఎంత పట్టు ఉండాలో అంత పట్టుతో రేకు కదులుతుంది. మొదటి బండి అలాగే ఉంది. రెండోది, మూడోది కూడా అంతే. ఎనిమిదో బండికి వచ్చేసరికి ఆమె ఒక్కటంటే ఒక్కటి వెంట్రుకవాసి తేడా ఉన్నా బాగుండునని కోరుకుంది. అలా కోరుకున్నందుకు ఆ పూట అన్నం సహించలేదు.

"ఎలా ఉంది?" అని అడిగేవాడు అన్నయ్య, బల్ల పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి.

"సరిగ్గా ఉందన్నయ్యా."

"ఊఁ."

"నిజంగా. నువ్వే చూడు."

"నేను చూస్తే ఏం తెలుస్తుంది? చూసే చెయ్యే తప్పుదైనప్పుడు." మళ్ళీ అనేవాడు, "నా మీద జాలితో చెప్తున్నావు. పోన్లే. నాకు చెప్పకుండానే సరిచెయ్యి."

నిజమే చెప్తున్నా అది అబద్ధమైపోతోంది. దాన్ని నిజం చెయ్యగలిగిన మాట ఒక్కటే ఉంది, అది గోనెసంచిలో ఉంది.

పదిహేడో బండి అయిపోయిన ఆ పదకొండో రోజు మధ్యాహ్నం పిట్ట అన్నయ్య ఇంటికెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. కిటికీ పక్కన కుర్చీలో అన్నయ్య కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు మీద వదిన, చేతిలో రేకుల గుత్తి. ఆవిడ ఒక రేకు విడదీసి ఆయన వేళ్ళ మధ్య పెడుతోంది.

"పదిహేను" అన్నాడు అన్నయ్య.

వదిన రేకు మీద నంబరు చూసింది, పిట్ట వైపు చూసింది. రేకు మీదున్నది ఎనిమిది. పాత రోజుల్లో ఆయన గోలీలాడుకునే పిల్లాడిలా పందెం కట్టి ఇరవై రేకుల్నీ వరసగా చెప్పేవాడు.

"దగ్గర్లోనే ఉన్నారు" అంది వదిన.

"దగ్గరంటే ఎంత?"

"దగ్గరంటే దగ్గరే. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా చెయ్యి ఇంతసేపు పట్టుకున్న పాపాన పోలేదు, ఇప్పుడేమో రేకులు పట్టుకోమని మూడు రోజులుగా కూర్చోబెట్టారు. వంటింట్లో పని ఎవరు చేస్తారు?" అని లేచింది ఆవిడ. లోపలికి వచ్చిన పిట్ట మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించింది. "మొదటిరోజు ఇరవైకి పద్దెనిమిది సరిగ్గా చెప్పారు పిట్టా. నిన్న పది. ఇవాళ నాలుగు. ఏమవుతోంది ఆ మనిషికి? తింటూ తింటూ వేళ్ళ వైపు చూసుకుంటారు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా భయపడుతున్నారు."

తను నోరు మూసుకుని నిలబెట్టిన అబద్ధం తనంతట తాను నిజం కావడానికి బయల్దేరిందని అప్పుడు పిట్టకి అర్థమైంది. చెయ్యి పాడైందని నమ్మిన మనిషి చెయ్యి నిజంగానే పాడవుతోంది. ఇంకో నెల ఊరుకుంటే, తర్వాత ఏం చెప్పినా ఆ వేళ్ళు తిరిగి రావు.

అయినా ఆ రోజు చెప్పలేదు. గుమ్మం దాకా వచ్చి, చెప్పులేసుకుని, మళ్ళీ ఒకసారి లోపలికి చూసి వెళ్ళిపోయింది. దారిలో సరంగు ఇంటి ముందునుంచి వెళ్ళాల్సి వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని అరుగు మీద కూర్చున్నాడాయన.

"చెల్లెమ్మా, ఒక్కమాట" అని పిలిచాడు. "మీ అన్న మళ్ళీ వచ్చెళ్ళాడు. ఇది నాలుగోసారి. వచ్చి తలొంచుకుని నిలబడతాడు. నాకు కోపం లేదంటే అబద్ధం. మొన్న మొహం తిప్పేసుకున్నా. కానీ వయసు ఎవర్ని వదుల్తుందిలే. ఇక షెడ్డు నువ్వే చూసుకో. నీ చేతి మీద నాకు గురి ఉంది."

పిట్టకి తల కొట్టేసినట్టయింది. "సరే సరంగన్నా" అంది. అంతకంటే నీచమైన మాట తన జన్మలో ఎప్పుడూ అనలేదని ఇంటికెళ్ళేదాకా అనుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున పది గంటలకి అన్నయ్య షెడ్డుకొచ్చాడు. చేతిలో కాగితం లేదు, నాన్న ఉక్కుసూది ఉంది. దాని పిడికి నాన్న చుట్టిన గుడ్డపీలిక నూనె పట్టి నల్లగా మెరుస్తోంది. దాన్ని తెచ్చి పిట్ట బల్ల మీద పెట్టాడు.

"ఇకనుంచి గీసేది నువ్వే" అన్నాడు.

"ఇదెందుకన్నయ్యా ఇప్పుడు?"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? ఇంకో సంగతి కూడా చెప్పాలి నీకు. కడుపులో పెట్టుకుని తిరుగుతున్నా." ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు. "నీకు జ్వరంగా ఉన్నప్పుడు లాంచీ తెరిచాను కదా. పొగ వదిలే వాల్వుల దగ్గర సందు ఇరవై ఉన్నట్టు తగిలింది నాకు. నాలుగు వాల్వులకీ ఇరవై. నాన్న పన్నెండని రాసి ఉంచితే పిట్ట ఇంత వదులు ఎలా వదిలిందబ్బా అనుకున్నా. జ్వరం పైకొచ్చేముందు ఒంట్లో బాగోక పొరబడిందేమోలే అని సర్దేసి ఊరుకున్నా. నీకు చెప్తే నొచ్చుకుంటావు, ఆఫీసువాళ్ళ చెవిన పడితే నీ పేరు పాడవుతుంది, అందుకని ఎవరికీ చెప్పలేదు."

పిట్ట చూపు బల్ల కిందికి వెళ్ళింది.

"ఇప్పుడు తెలుస్తోంది" అన్నాడు ఆయన. "నీది సరిగ్గానే ఉండుంటుంది. పన్నెండుని ఇరవై అనుకున్నది నా వేళ్ళు. అప్పటికే పాడయ్యాయన్నమాట. సరిగ్గా ఉన్న నీ పనిని చెడగొట్టి, పైగా మనసులో నిన్ను తప్పుపట్టా. అది నీకు చెప్పకుండా ఉండలేకపోయాను."

పిట్ట వంగి బల్ల కిందనుంచి గోనెసంచి లాగింది. ముడిని పళ్ళతో లాగి విప్పింది. కవరుని వెల్లకిలా తిప్పి ఆయన ఒళ్ళో పెట్టింది.

అన్నయ్య దాని వైపు చూసి, అలవాటు కొద్దీ బొటనవేలితో తడిమాడు. నాన్న పది, నాన్న పన్నెండు, నొక్కుకుపోయిన సున్నా. కింద తన నిలువుగీత.

"ఇది లాంచీది కదా?"

"లాంచీ మీద నేను పెట్టింది. తుక్కులో ఉన్న మొదటి రకం ఇంజనుది. లాంచీది రెండో రకం అన్నయ్యా."

ఆయన పెదాలు అంకెలు లెక్కపెడుతున్నట్టు కదిలాయి.

"అయితే ఇరవై సరైనదే."

"సరైనదే."

"నా వేళ్ళకి తగిలింది ఇరవయ్యే."

"ఇరవయ్యే అన్నయ్యా. నీ వేళ్ళకేం కాలేదు. నాన్న రాత గీకెయ్యడానికి నాకు చేతులు రాలేదు. తర్వాత గీద్దాంలే అనుకుని వదిలేశాను. తప్పంతా అదే. నాదే."

అన్నయ్య రెండు చేతులూ పైకెత్తి ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చూసుకున్నాడు. తప్పిపోయిన వస్తువు దొరికితే ముందు అది మనదేనా అని తిప్పి చూసుకుంటామే, అలా చూసుకున్నాడు. ముడుచుకుపోయి ఉన్న భుజాలు దిగాయి. పిట్టకి ఏడుపొచ్చింది. ఇంత తేలికా ఇది చెప్పడం, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నేను అనుకుంది. సరిగ్గా ఆ ప్రశ్నే ఎదురుగా కూర్చున్న మనిషికీ వచ్చింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఘాట్లో తెరిచినప్పుడు."

"ఆ రోజే?"

"ఆ రోజే."

"నేను జనం ముందు చెప్పకముందే?"

"ముందే."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ముక్కు మీద కోపం ఉండే మనిషే, ఒక్క బోల్టు జారవిడిస్తే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఇప్పుడేమో కవరుని బల్ల మీద మెల్లగా పెట్టి, "సరంగుకి చెప్పావా?" అని మాత్రం అడిగాడు.

"లేదు."

"పద."

సరంగు అంతా విన్నాడు. పిట్ట చెప్పడం అయ్యాక ఆయన ఆమె వైపు చూడలేదు, అన్నయ్య వైపే చూశాడు. "నువ్వు నాలుగుసార్లు వచ్చావు. ఒకసారి నేను మొహం తిప్పుకున్నాను. అది నేనిప్పుడెలా వెనక్కి తీసుకోను?" అన్నాడు. అన్నయ్య ఆయన మంచి చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఇద్దరు మగవాళ్ళూ ఒకరినొకరు చూసుకుంటూ ఉంటే పిట్ట అరుగు కింద చెప్పులు విడిచిన చోటే ఉండిపోయింది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు, రమ్మననూ లేదు.

అక్కణ్ణుంచి ఆమె ఒక్కతే ఘాట్ ఆఫీసుకెళ్ళి, బల్ల ముందు నిలబడి అదే మాట చెప్పింది. పుస్తకంలో తన పేరు పక్కన గుమస్తా ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో ఆమె అడగలేదు.

తిరిగి షెడ్డుకొచ్చేసరికి అన్నయ్య బల్ల మీద కవరు బోర్లించి, దాని పక్కన ఆకురాయి పెట్టి ఉంచాడు.

"ముందు అది గీకెయ్" అన్నాడు.

పిట్ట కవరుని తిప్పి ఒడిసి పట్టుకుని ఆకురాయి ఆనించింది. మొదటి తోపుకి పది మీద తెల్లటి చార పడింది. ఆపింది. అన్నయ్య పక్కకి జరగలేదు. మళ్ళీ తోసింది. పన్నెండు పోయింది, నిలువుగీత పోయింది. నాన్న సున్నా అన్నిటికంటే లోతుగా గీసి ఉంది, దానికి చాలాసేపు పట్టింది. వెండి రజను ఆమె ఒళ్ళో రాలింది. కళ్ళు తుడుచుకుంటే బుగ్గకీ అంటుకుంది.

"ఇంకెక్కడైనా ఇలా మార్చావా?" అన్నాడు అన్నయ్య.

"లేదన్నయ్యా. ఇదొక్కటే. నామీద ఒట్టు."

ఆయన తల ఊపాడు. నమ్మానని కాదు, విన్నానని. "ఆ రోజే చెప్పి ఉంటే ఈ మాట నమ్మేవాణ్ణి పిట్టా" అన్నాడు నెమ్మదిగా. "ఈ ఏడాదిలో నువ్వు మూసినవి ఎన్ని?"

"ఇరవై ఆరు."

"కాగితం తీసుకుని నంబర్లు రాయి."

మర్నాటినుంచి ఉతికిన బట్టలు కట్టుకుని ఒక్కో గుమ్మం ఎక్కడం పిట్ట వంతైంది. మొదట రొట్టెల వ్యాను ఆవిడ దగ్గరికే వెళ్ళింది, ఆవిడకి రెండో వ్యాను కూడా ఉంది. "నేను బిగించింది. మా అన్నయ్య తెరిచి చూస్తాడు" అంది పిట్ట. ఆవిడ ఈసారి నవ్వలేదు. "మొన్న ఆయనొచ్చి నీ పేరు చెప్పాడు, ఇవాళ నువ్వొచ్చి ఆయన పేరు చెప్తున్నావు. మీ ఇద్దరిలో ఎవర్ని నమ్మమంటారమ్మా?" అంది.

"ఆయన్ని" అంది పిట్ట.

షెడ్డులో అన్నయ్య కవరు విప్పి, ముందు ఇంజను పక్కన నేల మీద పడుకుని టార్చి వేసి అసలు నంబరు చదివాడు. లేచి, కవరు లోపల ఆమె కొక్కెం చూశాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని రేకు దూర్చాడు. చెయ్యి వణకలేదు. రేకు ఎంత పట్టుతో కదలాలో అంతే పట్టుతో కదిలింది. ఆ వేళ్ళు తిరిగొచ్చినందుకు పిట్టకి లోపల ఎక్కడో గట్టిగా సంతోషమేసింది. ఎదురుగా నిలబడి, తనకి తెలియకుండానే చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఎలా ఉందన్నయ్యా?"

"సరిగ్గా ఉంది."

ఎనిమిది వాల్వులూ చూశాడు. కవరు మూసి, బోల్టులు బిగించి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఇక మిగతావి అక్కర్లేదులే అంటాడేమోనని ఆమె ఆయన ముఖం వైపే చూస్తూ నిలబడింది.

"తర్వాతది తీసుకురా" అన్నాడు ఆయన.